లోపల కట్టిన గోనెపట్టా

ఆ రోజుల్లో మా ఇంట్లో సిగ్గుకు ఒక పద్ధతి ఉండేది. పొట్టేలు సంగతైతే అన్నం తింటూ కూడా మాట్లాడుకోవచ్చు, మనిషి సంగతైతే చీకట్లో కూడా మాట్లాడకూడదు. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. దేవరకొండకు అవతల, గుట్టల నడుమ ఊరు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా మామ అంగడికి పోయి మందకు కొత్త పొట్టేలును తెచ్చాడు. దాన్ని వాకిట్లో నిలబెట్టి, నా ముందూ, మా అత్త ముందూ, చూడవచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళ ముందూ దాని వెనక కాళ్ళ మధ్య చెయ్యి పెట్టి, "సూడుండ్రి, విత్తులు రెండూ సమానం. గట్టిగున్నయ్. గిదో, కింద గీ కణుపు నిండుగ తగుల్తాంది. గిది నిండుగుంటెనే మందల పిల్లలు పడ్తయ్" అని వంకాయలు ఒత్తి చూపించినంత తేలిగ్గా చూపించాడు. ఆడవాళ్ళందరూ తలలూపారు. (నేనూ ఊపాను. కొత్త కోడలిని, ఊపకపోతే ఏమనుకుంటారో అని.) అదే మామకు ఒకసారి అక్కడే వాపు వస్తే, నడుము నొప్పి అని చెప్పుకుని నెలంతా నడుముకు నూనె రాయించుకున్నాడు. మగవాళ్ళ శరీరానికి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మాట "అక్కడ". దవాఖానకు పోయినా, మంచాన పడ్డా ఆ ఒక్క మాటతోనే సంసారాలు గడిచిపోయేవి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు రెండో కాన్పు అయింది. మొదట ఆడపిల్ల, తర్వాత మగపిల్లవాడు, రెండూ పెద్దాపరేషన్లే. రెండోసారి రక్తం ఆగలేదు. నేను కళ్ళు తెరిచేసరికి అత్త నా కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దుతోంది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు. (ఉల్లిగడ్డలు కోసినప్పుడు కూడా ఏడవని మనిషి.) డాక్టరమ్మ మా ఆయనను పిలిచి, నాకు వినబడేలాగానే చెప్పింది. "ఈసారి బతికింది. మళ్ళ కడుపొస్తే బతుకుతదని నేను చెప్పలేను. ఇప్పుడు ఆమె పొట్ట మీద ఇంకో ఆపరేషన్ కూడ పెట్టలేను, ఒంట్ల రక్తం లేదు. పిల్లలు పుట్టకుంట నువ్వు చేయించుకో. పెద్ద కోత లేదు, కుట్లు లేవు. పొద్దుగాల వచ్చి పగటీలికి ఇంటికి పోతవు." మా ఆయన అంతా బుద్ధిగా విని, "మంచిదమ్మా" అని దండం పెట్టి, బయటికి వెళ్ళి, అటునుంచి అటే మంద దగ్గరికి పోయాడు. నేను ఇంటికి వచ్చాక కూడా ఆయన ఇంటి మొహం చూడలేదు. సద్ది కూడా గుట్ట దగ్గరికే పంపించమన్నాడు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. ఊళ్ళో అందరూ ఆయనను "మీసాలోడు" అనేవారు. మీసాలు రెండు పక్కలా పైకి తిరిగి ఉండేవి. గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు, గుట్ట మీద నుంచి ఒక్క కేక వేస్తే చెరువు అవతల మేస్తున్న గొర్రె తల తిప్పేది. అంతటి మీసాలోడికి ఒక విద్య ఉంది. మాంసానికి పెంచే పొట్టేలు పిల్లలకు చిన్నప్పుడే విత్తులు నలగ్గొట్టాలి. ఆ పనిలో చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనను మించిన చెయ్యి లేదు. పశువుల డాక్టరు పటకారు పట్టుకుని వచ్చినా, "జర మీసాలోన్ని పిలువుండ్రి, పొట్టేలును పట్టుకుంటడు" అనేవాడు. విత్తులు కొట్టిన పొట్టేలు ఏమవుతుందో ఆయనకంటే తెలిసిన వాళ్ళు ఎవరు? కొవ్వు పడుతుంది. కొమ్ములు సరిగ్గా ఎదగవు. పోట్లాట మానేస్తుంది. ఇంకో పొట్టేలు వచ్చి గుద్దినా పక్కకు తప్పుకుని గడ్డి మేస్తుంది. పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు చేసే ఆపరేషన్ అంటే అదేనని ఆయన అనుకున్నాడు. ఆయనేమిటి, మా ఇంటిల్లిపాదీ అదే అనుకున్నాం. గొర్రెలు కాయని ఇంట్లోనైతే ఈ తప్పు చేసేవాళ్ళు కాదేమో. మాకు తెలిసింది గొర్రె, మేము అటునుంచే మనిషిని చూశాం.

ఈ సంగతి తెలిసి దవాఖాన నర్సమ్మ ఒకరోజు మా ఇంటికే వచ్చింది. మంచి ఓపికస్తురాలు. మామను, అత్తను వాకిట్లో కూర్చోబెట్టింది. మా ఆయనను కూడా కబురుపెట్టి పిలిపించారు కానీ, ఆయన కూర్చోలేదు. గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని, మాకు వీపు చూపించి, ఉన్న మేకుకు లేని తుప్పు గోకుతూ నిలబడ్డాడు. నేను లోపలింట్లో, వాకిలి కనబడేలా, పసివాణ్ణి పక్కలో వేసుకుని పడుకుని ఉన్నాను. మామ ముందు ఇలాంటి మాటల్లో నోరు విప్పడం మా ఇంట్లో లేదు. నర్సమ్మ సంచిలోంచి ఒక రంగుల బొమ్మ తీసి గోడకు పట్టుకుంది.

మామ కళ్ళు చిట్లించి చూసి, "గిది పొట్టేలు తలకాయ గదమ్మా. కొమ్ములు గూడ మంచిగ తిరిగినయ్. మాకెందుకు సూపిస్తున్నవ్, మా దొడ్ల లేవా?" అన్నాడు.

"తలకాయ గాదు తాతా. ఇది మొగోళ్ళ లోపలి బొమ్మ. కింద సంచిల ఈ రెండు విత్తులు. నువ్వు కొమ్ములనుకునేటియి గొట్టాలు. విత్తు కాడ మొదలై గిట్ల పైకి పోయి, ఉచ్చ సంచి ఎనక నుంచి తిరిగి, నడుమ కలుస్తయి."

అత్త లేచి నిలబడింది. "అయితే ఆ కొమ్ములు కోస్తరా? నా కొడుకు కొమ్ములు కోస్తరా?"

"అవ్వా, కూసో జర. కొమ్ములు గావు, గొట్టాలు!"

పాపం నర్సమ్మ మొదటి నుంచి ఎత్తుకుంది. విత్తులకు రెండు పనులని చెప్పింది. పిల్లలు పుట్టించే బీజాలను తయారు చేయడం ఒకటి. మగతనం తెచ్చే రసాన్ని తయారు చేయడం రెండోది. మీసం, గొంతు, కండబలం, కోరిక అన్నీ ఆ రసం చలవే. రసం నేరుగా రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. బీజాలు మాత్రం విత్తు మీదున్న కణుపులో ముదిరి, ఆ సన్నటి గొట్టాల్లోంచి పోతాయి. "మేము విత్తును ముట్టనే ముట్టం. గొట్టం ఒక్కటే జర కట్ చేసి ముడేస్తం. బీజానికి తొవ్వ బంద్ అయితది. రక్తం తొవ్వ ఎప్పటిలెక్కనే నడుస్తది" అంది. విత్తులు ఒంటి బయట సంచిలో ఎందుకున్నాయో కూడా చెప్పింది. ఒంటి వేడికి బీజాలు నిలవవట, కాస్త చల్లగా ఉండాలట. ఆ మాటకు మామకు ఉత్సాహం వచ్చింది. "అవ్, ఎండాకాలం పొట్టేలుకు సంచి కిందికి జారి ఉంటది, చలికి పైకి గుంజుకుంటది. మనిషికి గూడ గంతేనా?" "గంతే తాతా." "ఓరి నీ..." అని మామ ఎంతో సంబరపడి, "విన్నవా, గంతేనటరా!" అని దొడ్డి గోడ వైపు కేకేశాడు. అటునుంచి మేకు గోకుతున్న చప్పుడు ఇంకాస్త పెరిగింది.

కానీ సంబరం వేరు, నమ్మకం వేరు. అత్త కొంగు నడుముకు బిగించింది. "మంచిగనే చెప్పినవ్ తల్లీ. ఆడ కత్తి పెట్టినంక ఆగుతదా? పొట్టేలుకు గూడ ఒక్క నరమే నలుగ్గొడ్తరు. మల్ల కొవ్వు వడ్తలేదా? నా కోడలు బతకాలె, కాదంటనా? కాని నా కొడుకు మెత్తగయితే మందను ఎవరు మలుపుతరు?" అంది. నర్సమ్మ నోరు ఎండిపోయి నీళ్ళడిగింది. మామ నేల చూశాడు. మా ఆయన మేకు గోకడం కూడా ఆపేశాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది, ఇక ఈ మాట ఇక్కడితో ముగిసిపోతుందని. నర్సమ్మ బొమ్మ చుట్టుకుని వెళ్ళిపోతుంది, అందరూ మంచివాళ్ళే కనుక ఎవరూ నాకు చెడు చేయరు, కానీ ఏడాదికో రెండేళ్ళకో నేను మళ్ళీ ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకుంటాను. పక్కలో పసివాడు నా వేలు పట్టుకుని నిద్రపోతున్నాడు. వాడి పిడికిలి చూశాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మామా! పొట్టేలుకు పట్టా కడితే కొమ్ములు ఊడ్తయా?"

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. నడి ఎండాకాలంలో గొర్రెలు ఈనితే మేతా ఉండదు, తల్లికి పాలూ ఉండవు, పిల్లలు దక్కవు. అందుకని నెలల ముందే లెక్కచూసుకుని, పొట్టేలు పొట్ట కింద అడ్డంగా ఒక గోనెపట్టా కట్టేవాళ్ళం. పొట్టేలు పొట్టేలుగానే తిరుగుతుంది. గొర్రె వెంట పడుతుంది, గుద్దుకుంటుంది, ఎక్కుతుంది, దాని సంతోషం దానిది. పిల్లలు మాత్రం పడవు. ఒక్క కొమ్ము వంగదు, ఒక్క చుక్క కొవ్వు పెరగదు.

ఆ మాట అయితే అనేశాను. నేను భయపడి దుప్పటి తలమీదికి లాక్కున్నాను. (కోడలు మామతో అనాల్సిన మాటేనా అది?) కాసేపటికి మామ గొంతు వినబడింది, మెల్లగా, తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు. "విత్తు కొట్టుడు గాదు. పట్టా. లోపల కట్టే పట్టా." తర్వాత నర్సమ్మను అడిగాడు, "అంతేనా బిడ్డా?" నర్సమ్మ గట్టిగా ఊపిరి తీసుకుని, "అంతే తాతా. గంతే. నేను పొద్దటిసంది చెప్పేది గదే" అంది. అత్త ఇంకా ఒక సందేహం అడిగింది. "బయటికి కనవడదు గద?" కనబడదని నర్సమ్మ ఒట్టేసింది. అప్పుడు మామ దొడ్డి వైపు తిరిగి, "ఒరేయ్, విత్తు కొట్టుడు కాదట్రా, పట్టా అట. నేనెన్ని పొట్టేళ్ళకు కట్టలే! ఏడవకుంట పోయి కట్టించుకో" అన్నాడు. మా ఆయన గోడ వైపే చూస్తూ, "పట్టా అయితే సరే" అన్నాడు. మా సంసారంలో ఆయన నాకు ఇచ్చిన మాటలన్నిట్లో చిన్నది అదే.

ఆపరేషన్ రోజు తెల్లవారకముందే తలకు తువ్వాలు చుట్టుకుని బయలుదేరాడు. ఎవరడిగినా పన్ను పీకించుకోవడానికి పోతున్నానని చెప్పమన్నాడు. మధ్యాహ్నానికి ఆటో దిగి, దవడకు చెయ్యి పెట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ ఇంటికి నడిచాడు. దారిలో కందిచేను బావ ఎదురుపడ్డాడు. (మా చేనుకు ఆనుకుని ఆయన కందిచేను ఉండేది, ఆ చేనంటే ప్రాణం, అందుకని ఆ పేరు.)

"ఏం బావా, ఏడికి పోయొస్తున్నవ్?"

"పన్ను పీకిచ్చుకున్న."

"పన్ను పీకితే కాళ్ళు గట్ల ఎడంగ వడ్తాయే?"

మా ఆయన దవడను ఇంకా గట్టిగా పట్టుకుని ఇంట్లోకి వచ్చి మంచమెక్కాడు. మంచం మీద నుంచి నాతో అన్న మొదటి మాట, "చీమ కుట్టినంత గూడ లేదే. గీ మాత్రం దానికి అన్ని రోజులు సల్లారిన సద్ది తిన్న గుట్ట మీద." నొప్పికంటే ఆ సద్ది మీదే ఆయనకు బాధ ఎక్కువగా ఉంది.

అసలు తంటా తర్వాత మొదలైంది. గొట్టంలో అప్పటికే ఉన్న బీజాలు పోయేదాకా మూడు నెలలు జాగ్రత్తగా ఉండాలని, ఆ తర్వాత పరీక్ష చేయించుకోవాలని నర్సమ్మ చెప్పింది. మామ దాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుని, "మోటర్ బంద్ జేసినంక గూడ పైపుల నీళ్ళు కొంచెంసేపు వస్తయ్" అన్నాడు. అత్త ఇంకో పద్ధతిలో అర్థం చేసుకుని, మా ఆయన మంచాన్ని గొర్రెల దొడ్డిలోకి మార్పించింది. జాగ్రత్త పడటానికి వేరే దారులున్నాయని నర్సమ్మ చెప్పబోతే, "నీ దారులు నాకొద్దు, నా దారి మంచిది" అంది. ఒకపక్క అలా కాపలా కాస్తూ, ఇంకోపక్క కొడుకు రక్తం పోయిందని (పోయింది చుక్కెడు) పొద్దున గుడ్లు, మధ్యాహ్నం తలకాయ కూర, సాయంత్రం నెయ్యి పోసిన రొట్టె. మందను మామ తోలుకెళ్ళేవాడు. మా ఆయన దొడ్డిలో మంచం మీద కూర్చుని తింటుండేవాడు, అంతే.

ఒకరోజు నీళ్ళు పోసుకుని వచ్చి, "మొలతాడు బిర్రుగైంది" అన్నాడు.

అత్త చేతిలో రొట్టె ఆగిపోయింది. నేను అత్త మొహం చూశాను, అత్త నా మొహం చూసింది. ఇద్దరికీ ఒకే ఆలోచన. కొవ్వు! ఆ రోజు నుంచి ఇద్దరం కళ్ళలో వత్తులు వేసుకుని ఆయనను గమనించడం మొదలుపెట్టాం. పరుషంగా మాట్లాడటం లేదు. కూరలో ఉప్పు లేకపోయినా ఊరుకుంటున్నాడు. దొడ్డిలో ముసలి పొట్టేలు వెనక నుంచి వచ్చి కుమ్మితే, "జరుగవే" అని పక్కకు తప్పుకున్నాడు. తప్పుకున్నాడు! అత్త గోడ చాటుకు వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుంది. నేను, పట్టా అని అంత ధీమాగా చెప్పినదాన్ని, తెల్లారగానే లేచి దొడ్డిలోకి పోయి, ఆయన మీసాలు నిలబడి ఉన్నాయా వాలాయా అని నిద్రపోతున్న మనిషి మొహంలోకి తొంగి చూసేదాన్ని. ఒకసారి కళ్ళు తెరిచి, "ఏందే, గొర్రె లెక్క సూస్తున్నవ్?" అన్నాడు, అది కూడా ఎంతో మెత్తగా. నా ప్రాణం కోసం ఆయనను ఇలా చేశానే అని మూలకు పోయి కూర్చున్నాను.

ఆ రోజే మామకు జ్వరం వస్తే, చాలా రోజుల తర్వాత మా ఆయన మందను తోలుకుని పోయాడు. పొద్దు వాలేవేళ నేనూ అత్తా వాకిట్లో బియ్యం చెరుగుతున్నాం. అప్పుడు వినబడింది. చెరువు వైపు నుంచి, గుట్టకు కొట్టుకుని తిరిగి వచ్చేంత గట్టిగా.

"నాలుగాకులు తింటే నీ తాత జాగీర్ పోయిందారా! నా గొర్రె నోట్లకు నీ కందిచేనే నడిసొచ్చిందిరా! కంచె వేసుకోరాదా నీ..."

మిగతాది నేను రాయలేను కానీ, ఎంతో దూరం వెళ్ళిన కేక అది. అత్త చేట కింద పెట్టింది. మంచంలోంచి మామ లేచి కూర్చున్నాడు. "మనోడే!" అన్నాడు. ముగ్గురం పరుగెత్తాం. జ్వరంతో ఉన్న మామ అందరికంటే ముందున్నాడు. పోయి చూస్తే కందిచేను గట్టు మీద మా ఆయన, కందిచేను బావ మొహాలు మొహాలు పెట్టుకుని అరుచుకుంటున్నారు. మా ఆయన మీసాలు రెండూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. గొర్రెలు నింపాదిగా కంది ఆకులు తింటూనే ఉన్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోవడం లేదు.

కందిచేను బావ మమ్మల్ని చూసి, తనకు న్యాయం జరుగుతుందనుకుని, "సూడు మామా, నీ కొడుకు నోటికొచ్చినట్టు తిడ్తుండు, జర బుద్ధి చెప్పు!" అన్నాడు.

మామ చేతులు వెనక్కి కట్టుకుని, "తిట్టనియ్ రా. జర సేపు తిట్టనియ్" అన్నాడు.

అత్త కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకో మాట అను కొడుకా, మల్లొక్కసారి అను" అంది.

నేనైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాను. నవ్వుతూ ఏడుస్తున్నాను. కందిచేను బావ మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసి, "మీ ఇంటిల్లిపాదికి ఏమైందయ్యా!" అని కొట్లాట మధ్యలోనే చేతిలోని కట్టె కింద పడేసి ఇంటికి పోయాడు. మా ఆయనకు కూడా ఏమీ అర్థం కాలేదు. ఆ సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేశాడు. అత్త ఆ కంచం తీసి కళ్ళకద్దుకున్నంత పని చేసింది. మంచం దొడ్డిలోంచి మాత్రం ఇంట్లోకి రాలేదు, దానికి ఇంకా గడువుందని చెప్పింది. మూడు నెలలయ్యాక పరీక్షకు పోయివచ్చాడు. ఒక్క బీజం కూడా కనబడలేదని చెప్పారట. ఆ రోజు మంచాన్ని మామే స్వయంగా ఎత్తుకొచ్చి లోపల వేశాడు. ఎవరి మొహమూ చూడకుండా వేసి, "గొర్రెలకు నీళ్ళు పెట్టాలె" అని బయటికి పోయాడు.

ఏడాది తిరక్కముందే కందిచేను బావ ఒకరోజు చీకటిపడే వేళ వచ్చి, మా ఆయన పక్కన కూర్చుని, అటూ ఇటూ చూసి, "బావా, ఆనాడు పన్ను పీకిచ్చుకున్నవ్ సూడు, ఆ పన్ను యాడ పీకుతరు?" అని అడిగాడు. తర్వాత ఆయన కూడా కాళ్ళు ఎడంగా వేసుకుంటూ ఆటో దిగాడు. ఆయన వెనక ఇంకొకరు. వాళ్ళందరికీ మా ఆయనే వాకిట్లో కూర్చుని, పొట్టేలును పక్కన నిలబెట్టుకుని, గోనెపట్టా చేత్తో పట్టుకుని చెప్పేవాడు. ఎవరైనా భయపడితే గుట్ట వైపు తిరిగి ఒక్క కేక వేసి చూపించేవాడు.

పదేళ్ళు దాటింది. పిల్లలిద్దరూ నా భుజం దాటారు. మామ లేడు. మీసాలు నెరిశాయి కానీ ఇప్పటికీ పైకే తిరుగుతాయి, గొంతు అయితే అప్పటికంటే పెరిగింది. ఫోన్ మాట్లాడినా పక్క వీధివాళ్ళు జవాబు చెబుతారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ మొగుళ్ళను "జర నిమ్మళంగ మాట్లాడు" అని గదమాయిస్తుంటారు. నాకు ఆ మాట ఇంతవరకు నోటికి రాలేదు. ఆయన వాకిట్లో నిలబడి ఎవరి మీదో, ఎందుకో అరుస్తున్నప్పుడల్లా, పక్కలో పసిబిడ్డతో, నెత్తురు లేని మొహంతో, నిద్రపోతున్న మనిషి మీసాలు లెక్కపెట్టుకున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. బియ్యం చెరగడం ఆపి వింటాను. నిన్న కూడా అంతే. గొంతు చించుకుని అరిచి అరిచి, నా వైపు తిరిగి, "నేనింత మొత్తుకుంటుంటే నవ్వుతవేందే?" అన్నాడు.

"ఏం లేదు, మొత్తుకో" అన్నాను.